వార్తల్లో పదం: మెథోట్రెక్సేట్ – అడాలిముమాబ్

శరీరరక్షణ వ్యవస్థయే పొరబడి సొంత కీళ్లపై దండెత్తు రుమటాయిడ్ కీళ్లవాతమునకు ప్రథమౌషధమైన మెథోట్రెక్సేట్, భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు లెడర్లే ప్రయోగశాలలో నడిపిన ఫోలిక్ ఆమ్ల పరిశోధనల ఫలమై, తొలుత క్యాన్సరుకు వాడబడి, 1988లో అమెరికాయందు ఈ కీళ్లవాతమునకు అనుమతి పొందెను. ఈ మాత్రను వారమున కొక్కదినమే మ్రింగవలెను, నిత్యము మ్రింగినచో ప్రాణాపాయము, రక్తమునకు, కాలేయమునకు పరీక్షలు తప్పవు, గర్భిణులకు నిషిద్ధము.

అది చాలనప్పుడు తరచుగా దానికి తోడుచేయు అడాలిముమాబ్, సాధారణముగా రెండు వారములకొకసారి చర్మము క్రింద నిచ్చు సూదిమందు. వాపును పెంచు టీఎన్ఎఫ్ అను ప్రోటీనును ఇది బంధించును. వెల అధికము, మీదుమిక్కిలి, నిద్రాణమైన క్షయను మేల్కొల్పగలదు గనుక, ఎవ్వరైనను ముందుగా క్షయపరీక్ష చేయించుకొనియే దీనిని ఆరంభింపవలెను.