ఆముదాన్ని వదిలించుకున్న మందు

కరగడమంటే ఏమిటో సంతబొమ్మాళి మండలం వాళ్లకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. నౌపడ మడుల్లో ఎండకు తేలిన గల్లుప్పు ఒక్క వాన పడితే మళ్లీ నీళ్లయిపోతుంది. అదే ఊళ్లలో ఏ పెరట్లో చూసినా బిళ్లగన్నేరు ఉంటుంది. పిల్లలకు వచ్చే రక్త కేన్సర్‌కు ఇచ్చే విన్‌క్రిస్టిన్ ఆ మొక్క ఆకుల్లోంచి వచ్చిందే. 1963లో అమెరికా దానికి అనుమతిచ్చింది. ఆ మందుకు నానో టెక్నాలజీతో పని పడలేదు. క్షార గుణం ఉన్న పదార్థం కాబట్టి గంధకామ్లంతో కలిపితే సల్ఫేటు లవణమై కూర్చుంటుంది. లవణమయ్యాక నీళ్లలో కరగడానికి పేచీ ఉండదు.

పాక్లిటాక్సెల్ అనే ఇంకో కేన్సర్ మందుతో ఆ పప్పులు ఉడకలేదు. 1962లో ఆర్థర్ బార్‌క్లే అనే వృక్షశాస్త్రజ్ఞుడు అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్ర అడవుల్లో పసిఫిక్ యూ చెట్టు బెరడు సేకరించాడు. మన్రో వాల్, మన దేశంలో పుట్టిన మన్సుఖ్ వాణి ఆ బెరడులోంచి మందును వేరుచేసి, దాని అణువు రూపాన్ని 1971లో ప్రచురించారు. కణం విభజనకు వాడుకునే సన్నని గొట్టాలను ఇది విడిపోనివ్వకుండా బిగించేస్తుందని 1979లో సూసన్ హార్విట్జ్ తేల్చారు. మందు దొరికింది, పనిచేసే తీరూ తెలిసింది. కానీ రోగి నరంలోకి పంపేదెలా? లీటరు నీళ్లు పోసినా ఒక్క మిల్లీగ్రాము కూడా కరగదు. పోనీ లవణంగా మారుద్దామంటే ఆ అణువులో అందుకు వీలిచ్చే చోటే లేదు.

అప్పుడు దొరికిన దారి ఆముదం. మన పెద్దవాళ్లు కడుపు శుభ్రం కావడానికి తాగించిన ఆముదమే. దానికి ఇథిలీన్ ఆక్సైడ్ జోడిస్తే క్రెమోఫోర్ అనే చిక్కటి ద్రవం తయారవుతుంది. దాన్నీ ఆల్కహాల్‌నూ సగంసగం కలిపి, అందులో మందు కరిగించారు. ఒక్క మిల్లీలీటరులో మందు 6 మిల్లీగ్రాములు, క్రెమోఫోర్ 527 మిల్లీగ్రాములు! మామూలు ఒడ్డూపొడుగూ ఉన్న మనిషికి ఒక విడత ఎక్కిస్తే మందు పావు గ్రాము పైచిలుకు, దాని వెంట క్రెమోఫోర్ పాతిక గ్రాముల దాకా రక్తంలోకి పోతుంది.

ఇది ఊరికే పోదు. 1980లలో మనుషుల మీద తొలి పరీక్షలు చేసినప్పుడు కొందరికి ఊపిరాడక, బీపీ పడిపోయి ప్రాణం మీదికొచ్చింది. పరీక్షలే ఆగిపోయేలా ఉంటే, ముందుగా స్టెరాయిడ్లు, అలర్జీ మందులు ఇచ్చి, సెలైన్‌ను నెమ్మదిగా ఎక్కించి గట్టెక్కారు. 1992లో అండాశయ కేన్సర్‌కు అనుమతి వచ్చింది. ఇప్పటికీ ఆ పాత మందు ఎక్కించాలంటే మూడు గంటలు పడుతుంది. మామూలు పీవీసీ గొట్టాలు వాడకూడదు, వాటిలోని రసాయనాన్ని క్రెమోఫోర్ లాగేస్తుంది.

నానో కథ ఇక్కడ మొదలవుతుంది. ప్యాట్రిక్ సూన్-షియాంగ్ బృందం మందును కరిగించే ప్రయత్నమే మానుకుంది. మన రక్తంలో సహజంగా ఉండే ఆల్బుమిన్ ప్రోటీన్‌తో కలిపి, విపరీతమైన ఒత్తిడి మీద సన్నని సందుల్లోంచి పంపి, 130 నానోమీటర్ల రేణువులుగా చేసింది. ఎర్ర రక్తకణం వీటికి యాభై రెట్లకు పైనే ఉంటుంది. రేణువు రక్తంలోకి వెళ్లాక విడిపోయి, మందు ఆల్బుమిన్‌ను పట్టుకుని తిరుగుతుంది. అబ్రాక్సేన్ పేరుతో 2005 జనవరిలో దీనికి అనుమతి దొరికింది. హైదరాబాద్‌కు చెందిన నాట్కో ఈ రకం మందును ఆల్బుపాక్స్ పేరుతో మన మార్కెట్లోకి తెచ్చింది.

నర్సు దీన్ని కలిపే తీరు చూడాలి. సీసాలో 100 మిల్లీగ్రాముల మందున్న పొడి. 20 మిల్లీలీటర్ల సెలైన్‌ను పొడి మీద నేరుగా పడకుండా సీసా గోడ వెంబడి, నిమిషానికి తగ్గకుండా జారవిడవాలి. అయిదు నిమిషాలు కదపకూడదు. తర్వాత మెల్లగా తిప్పాలి, నురగ రానివ్వకూడదు. తెల్లగా పాలలా తయారవుతుంది. ఎక్కించడానికి అరగంట చాలు.

నానో అనగానే గురిచూసి కేన్సర్ కణాన్నే కొడుతుందని కొందరు ఊదరగొడతారు. అది నేను నమ్మను. 460 మంది రొమ్ము కేన్సర్ రోగులతో జరిగిన పరీక్షలో గడ్డ తగ్గినవారు కొత్త మందుతో 33 శాతం, పాతదానితో 19 శాతం. బాగుంది. అయితే కొత్తది ఎక్కువ మోతాదులో ఇచ్చారు. కాళ్లూ చేతులూ మొద్దుబారే బాధ తీవ్రంగా వచ్చినవారు 10 శాతం, పాతదానితో 2 శాతమే. పాత మందునే వారంవారం ఇచ్చి పోల్చిన ఇంకో పరీక్షలో, 2015లో వెలువడిన ఫలితాల ప్రకారం, కొత్తది పైచేయి కాలేకపోయింది. దాని అసలు ఘనత ఆముదాన్ని వదిలించడమే. ఆ పాతిక గ్రాములు పడక ఒళ్లంతా దద్దుర్లెక్కి ఊపిరాడక కొట్టుకున్న మనిషికి అది చిన్న సంగతేమీ కాదు.

కిడ్నీ జబ్బులతో సతమతమయ్యే ఉద్దానం వాళ్లు గమనించాల్సిన సంగతి ఇంకోటుంది. కేన్సర్ చికిత్సలో విరివిగా వాడే సిస్‌ప్లాటిన్ కిడ్నీల మీద దెబ్బ కొడుతుంది. పాక్లిటాక్సెల్ పాతదైనా కొత్తదైనా ఎక్కువ భాగం కాలేయం నుంచి పైత్యరసంతో పోతుంది. అందుకే పలాస, కవిటి వైపు నుంచి విశాఖ కేన్సర్ ఆస్పత్రులకు వెళ్లేవాళ్లు క్రియాటినిన్ రిపోర్టులు తప్పకుండా చూపించాలి. ఏ మందు ఇవ్వాలన్న నిర్ణయంలో ఆ కాగితానికి చోటుంది. ఇక ధర దగ్గర కొత్తదానికి పాతది అందనంత చవక. అలాగని పేరొకటే కదా అని ఒకదాని బదులు ఇంకోటి అదే లెక్కన ఎక్కించకూడదు: చదరపు మీటరు ఒంటికి పాతది 175 మిల్లీగ్రాములైతే, కొత్తది 260.