ఫ్యూజు మళ్లీ మళ్లీ పోతోందా?

అంబాసిడర్ కారు మనకు తెలుసు గదా! దాని తయారీ 2014లో ఆగిపోయింది. పాతవి ఇంకా అక్కడక్కడ తిరుగుతున్నాయి.

అలాంటి పాత కారులో చిన్న లైట్లు ఆరిపోయాయి అనుకోండి. ఫ్యూజు కాలింది. కొత్తది వేస్తే అదీ కాలింది. కొందరు విసుగొచ్చి ఫ్యూజు చోట లావు తీగ చుట్టేస్తారు. ఇది చాలా ప్రమాదం. ఫ్యూజు తాను కాలి కారును కాపాడుతుంది. లావు తీగ కాలదు. లోపలి వైర్లు వేడెక్కి కారే అంటుకోవచ్చు.

అసలు తప్పు ఎక్కడుంది? బ్యాటరీ ఒక కొస కారు బాడీకి కలిపి వుంటుంది. వైరు తొడుగు అరిగి, లోపలి రాగి బాడీకి తగిలితే ఒక్కసారిగా ఎక్కువ కరెంటు పారుతుంది. ఫ్యూజు పోతుంది.

ఇలా వెతకాలి. ఆ ఫ్యూజు మీద వెలిగే బల్బులన్నీ తీయండి. ఫ్యూజు చోట 12 వోల్టుల బల్బు కలపండి. స్విచ్చి వేయండి. ఆ బల్బు వెలిగిందా? కరెంటు బాడీలోకి పోతున్నట్టే. ఇప్పుడు వైరును కొంచెం కొంచెంగా కదపండి. ఎక్కడ కదిపితే బల్బు ఆరుతుందో అక్కడ చూడండి. తప్పు అక్కడే వుంటుంది.

ముందు బ్యాటరీ వైరు విప్పండి. అరిగిన చోట టేపు చుట్టండి. రేకు అంచు తగలకుండా రబ్బరు పెట్టండి. తర్వాత అదే సైజు ఫ్యూజు వేయండి.

ఫ్యూజు ఖరీదు కొద్ది రూపాయలే. కారులో కూర్చున్న మనుషుల ప్రాణాలకు ఖరీదు కట్టగలమా?