కోడీ కుంపటీ, ఢిల్లీ లెక్కలూ

కోడి కూయకముందే కోడి ధర తేలిపోయే చోటు ఢిల్లీలో ఒకటున్నది. యమునకు తూర్పున, ఉత్తరప్రదేశ్ సరిహద్దును ఆనుకొని ఉన్న ఘాజీపూర్ టోకు మార్కెట్ అది. హర్యానా, పంజాబ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌ల నుంచి రాత్రంతా ప్రయాణించి వచ్చిన లారీలు, వాటిపై అంతస్తులుగా పేర్చిన ఇనుప జాలీ పెట్టెలు, వాటి నిండా తెల్లని బ్రాయిలర్లు. తూకం వేసేవాని కేకలూ, దళారుల చేతి సంజ్ఞలూ ముగిసేసరికి తూర్పు తెల్లబడుతుంది. ఆ వేళకు ఎక్కడో దూరాన నిద్ర లేచిన రైతు తన నలభై రోజుల చాకిరీకి విలువ ఎంతో ఫోనులో విని తెలుసుకుంటాడు. ఆ విలువను నిర్ణయించడంలో అతని పాత్ర అతని కోడి పాత్ర కంటె ఎక్కువేమీ కాదు.

పార్లమెంటునూ, పార్టీలనూ, పొత్తులనూ వదలి ఈ వారం కోళ్ళ గూటిలో తల దూర్చడమేమని పాఠకులు ప్రశ్నించవచ్చు. 2019 పశుగణన ప్రకారం దేశంలో కోళ్ళు, బాతులు వగైరా కలిసి 85 కోట్ల పైచిలుకు. అందులో 53 కోట్లు వ్యాపార సరళిలో పెరిగేవి, సుమారు 32 కోట్లు పెరళ్ళలో పెరిగేవి. అంతకుముందు 2012 గణనతో పోల్చితే వ్యాపార కోళ్ళు నూటికి నాలుగున్నర వంతు మాత్రమే పెరగగా, పెరటి కోళ్ళు నూటికి 46 వంతులు పెరిగాయి. ఎకరమో, అరెకరమో ఉన్నవాడు, ఆ నేల కుటుంబాన్ని పోషించజాలదని తెలిసిన తరువాత కోడిని ఆశ్రయిస్తున్నాడన్నమాట. ఇది రాజకీయం కాకపోతే మరేది రాజకీయం?

ఢిల్లీకి ఉత్తరాన హర్యానాలో నాకు పరిచయమున్న రైతు ఒకరున్నారు. రెండెకరాల ఆసామి. బ్యాంకు అప్పుతో 5,000 బ్రాయిలర్లు పట్టే షెడ్డు వేశాడు. మూడేళ్ళు బాగానే గడిచాయి. 2021 జనవరిలో బర్డ్ ఫ్లూ వార్త వచ్చింది. హర్యానాలోని పంచకుల జిల్లాలో లక్షకు పైగా కోళ్ళను చంపి పూడ్చవలసి వచ్చింది. ఢిల్లీలో కాకులలో, సంజయ్ సరస్సు బాతులలో వ్యాధి కనిపించడంతో జనవరి 9న ఘాజీపూర్ మార్కెట్‌ను మూసివేశారు. అక్కడి కోళ్ళకు వ్యాధి లేదని పరీక్షలలో తేలి, వారం తిరగకముందే తెరిచారు కూడా. అయితే, ఆ వారంలోనే మా రైతు కోళ్ళు అమ్మకానికి సిద్ధమయ్యాయి.

కూరగాయలైతే తోటలో వదలివేయవచ్చు. కోడిని వదలివేయడానికి లేదు. రెండు కిలోలకు ఎదిగిన బ్రాయిలర్ తింటూనే ఉంటుంది. ఆపైన తిన్న దాణాకు తగిన మాంసం పెరగదు. అమ్మితే సగం ధర, అమ్మకపోతే రోజుకో దాణా బిల్లు. ఆయన సగం ధరకే అమ్మాడు. నష్టపరిహారం రాలేదా అని నేను అడిగితే నవ్వాడు. ప్రభుత్వ నియమం ప్రకారం పరిహారం అధికారులు స్వయంగా చంపించిన కోళ్ళకే. కేంద్రమూ రాష్ట్రమూ చెరి సగం భరిస్తాయి. అధికారులు రాకముందే తెగులుతో చచ్చిన కోడికి పరిహారం లేదు. భయంతో పడిపోయిన ధరకు అసలే లేదు. ఆయన షెడ్డులో ఇప్పుడు ఎవరివో ఉల్లిగడ్డల బస్తాలు అద్దెకున్నాయి.

దీనికి బదులుగా ఢిల్లీ చేసినదేమిటి? 2019లో పశుసంవర్ధకానికి మత్స్య శాఖతో కలిపి ప్రత్యేక మంత్రిత్వశాఖ ఏర్పడింది. అంతకు ముందునుంచీ పేద కుటుంబాలకు తలా 45 కోడిపిల్లలను విడతలుగా పంచే పథకం ఒకటి ఉండేది. 2021లో జాతీయ పశుగణాభివృద్ధి మిషన్‌ను సవరించి, వెయ్యి తల్లికోళ్ళతో పొదిగే కేంద్రం పెట్టగల వారికి 25 లక్షల రూపాయల వరకు పెట్టుబడి రాయితీ ఇచ్చారు. 45 పిల్లల పేదరాలికీ, పాతిక లక్షల పారిశ్రామికునికీ నడుమ, నాలుగైదు వందల కోళ్ళతో ఇంటిని నడపదలచిన చిన్నకారు కుటుంబం ఉన్నది. ఆ కుటుంబానికి కావలసినది రాయితీ కంటె ముందు, నష్టంలో తోడు.

అటువంటి తోడు ఎక్కడైనా ఉన్నదా అని వెదికితే దారి ఇటార్సీ చూపింది. హైదరాబాదు నుంచి రైలులో ఢిల్లీ వచ్చిన తెలుగువారిలో ఇటార్సీ జంక్షన్ ఎరుగనివారు అరుదు. అక్కడ దిగి దక్షిణంగా బేతుల్ రోడ్డు పట్టుకుంటే కేస్లా, దాని తరువాత సుఖ్‌తవా వస్తాయి. గోండులూ, కోర్కులూ నివసించే గడ్డ అది. 1970 దశకంలో తవా నదిపై ఆనకట్ట కట్టినప్పుడు వారి పల్లెలు మునిగాయి. ఆయుధాల పరీక్షా క్షేత్రానికి మరికొన్ని పల్లెలు పోయాయి. తవా కాలువలు కింది మైదానాన్ని గోధుమకూ సోయాకూ ఆటపట్టుగా మార్చాయి. ఊళ్ళు అర్పించినవారికి రాతినేల మిగిలింది. 1996లో నిర్వాసితులు సహకార సమాఖ్యగా ఏర్పడి జలాశయంలో చేపలు పట్టుకునే హక్కు సాధించారు. పదేళ్ళు తిరిగేసరికి, వన్యప్రాణి సంరక్షణ పేరిట ఆ హక్కూ చేజారింది. ఇన్ని పోయినచోట కోడి నిలిచింది.

1983లో ఢిల్లీలో పుట్టిన ‘ప్రదాన్’ స్వచ్ఛంద సంస్థ ఇక్కడి స్త్రీలను కోళ్ళ పెంపకానికి కూడగట్టింది. ఆ సంస్థ స్థాపకులలో ఒకరైన దీప్ జోషీకి 2009లో మెగసెసే పురస్కారం లభించిన సంగతి పాఠకులకు గుర్తుండవచ్చు. ఆ కృషి నుంచే కేస్లా మహిళల కోళ్ళ సహకార సంఘం రూపు దిద్దుకున్నది.

నేను అక్కడికి వెళ్ళినది ఒక మే నెలలో. ఒక గోండు ఇల్లాలు తన షెడ్డు చూపించింది. పేరు రాయవద్దన్నది, రాయను. ఇంటిని ఆనుకొని తూర్పు పడమరలుగా కట్టిన చిన్న షెడ్డు, రెండు వైపులా తీగ జాలీ, పైన పెంకులు, గుమ్మం ముందు కాళ్ళు ముంచుకొనేందుకు సున్నపు నీళ్ళ తొట్టి. లోపల 400 కోళ్ళు. చదువు లేదని ఆమె అన్నది గాని, ఆమె చెప్పిన పాఠం ఏ కళాశాలకూ తీసిపోదు.

పిల్లలు పొదిగిన మరునాడే పెట్టెలలో వస్తాయి. వాటి రాకకు ముందే నేల కడిగి, సున్నం కొట్టి, రెండు మూడు అంగుళాల మందాన ఊక పరచి, పైన పాత వార్తాపత్రికలు పరుస్తారు. (మన రాతలకు ఇంతకంటె ఉపయోగకరమైన గతి వేరే ఉండదేమో!) మొదట బెల్లం కలిపిన నీరు తాగించి, ఆ తరువాతే దాణా. మొదటివారం 35 డిగ్రీల వెచ్చదనం ఉండాలి. ఆపైన వారానికి కొంత తగ్గించాలి. ఆమెకు థర్మామీటరుతో పనిలేదు. పిల్లలు దీపం కింద గుమిగూడితే చలి, దూరంగా గోడలకు అంటుకుంటే వేడి, షెడ్డంతా సమంగా తిరుగుతుంటే సుఖం. కరెంటు పోయిన రాత్రి బొగ్గుల కుంపటి పెట్టి, పొగ చుట్టుకోకుండా చూస్తూ, తెల్లవార్లూ పక్కనే కూర్చుంటుంది. తన కోడీ కుంపటీ లేనిదే ఊరికి తెల్లవారదనుకున్న ముసలమ్మను చూసి మనం తరతరాలుగా నవ్వుకున్నాం. ఇక్కడ కోడీ కుంపటీ లేకపోతే నిజంగానే ఆ ఇంటికి తెల్లవారదు.

ఊకను రోజూ తిరగవేయాలి. గుప్పెడు తీసి పిసికి వదలితే పొడిపొడిగా రాలాలి. ముద్ద కట్టిందంటే తడి చేరినట్టు, తడి చేరితే కళ్ళు మండే ఘాటు, ఆ వెనుక రోగం. మొదటివారంలోనే కంటిలో ఒక చుక్క టీకా. అది మనవాళ్ళు కొక్కెర తెగులు అనే రాణిఖేత్ వ్యాధికి. 1920 దశకం చివర కుమావూ కొండలలోని రాణిఖేత్‌లో గుర్తించినందున దానికా పేరు వచ్చింది. అదే కొండలలోని ముక్తేశ్వర్ ప్రయోగశాల దానికి టీకా తయారు చేసి దశాబ్దాలు గడిచాయి. అయినా పల్లెలలో పెరటి కోళ్ళు ఏటా ఆ తెగులుకే కుప్పలుగా చస్తున్నాయి. కారణం, టీకా సీసాలో వందల మోతాదులుంటాయి. చల్లగా దాచాలి, విప్పిన కొద్ది గంటలలో వాడాలి. పది కోళ్ళున్న ముసలమ్మ సీసా కొని ఏం చేస్తుంది? పల్లెలోని షెడ్లన్నిటికీ ఒకేనాడు టీకా వేసే ఏర్పాటు ఉంటే సీసా వృథా కాదు. సహకారమనే మాటకు ఇంతకంటె సూటియైన అర్థం నాకు దొరకలేదు.

ఈ ఏర్పాటుకు కీలకం లెక్కలో ఉన్నది. పిల్లలు, దాణా, మందులు సంఘం ఇస్తుంది. ఎదిగిన కోళ్ళను సంఘమే అమ్ముతుంది. పెంచిన స్త్రీకి దక్కేది ఆనాటి బజారు ధర కాదు. ఎంత దాణాతో ఎంత బరువు తెచ్చింది, ఎన్నిటిని బ్రతికించింది అన్నదాన్ని బట్టి లెక్కకట్టిన కూలి. ధర పెరిగినప్పుడు వచ్చిన మిగులుతో, పడిపోయినప్పటి లోటును సంఘం పూడ్చుకుంటుంది. బజారు గాలివాన సంఘం కప్పుకు తగులుతుంది. ఆమె చేతిలో ఉన్నది ఆమె పనితనం.

నేను వెళ్ళడానికి నాలుగు రోజుల ముందు ఎండ 44 డిగ్రీలు దాటింది. కోడికి చెమట పట్టదు. నోరు తెరిచి, రెక్కలు చాచి రొప్పడమే దానికి తెలిసిన ఉపాయం. ఆమె జాలీలకు తడి గోనెలు కట్టింది, మధ్యాహ్నపు దాణా ఆపింది, కుండ నీళ్ళు పోసింది. అయినా సాయంత్రానికి 38 కోళ్ళు పడిపోయాయి. అవి మరో వారంలో తూకానికి వెళ్ళవలసినవి. ఇంటి వెనుక సున్నం చల్లి పూడ్చిన గుంట చూపింది. “ముప్పై ఎనిమిది, భయ్యా. పుస్తకంలో రాశారు. ఈసారి నా డబ్బు తగ్గుతుంది,” అన్నది. కాసేపాగి, “పిల్లలు మళ్ళీ వస్తాయి. షెడ్డు కడగాలి,” అన్నది.

హర్యానా రైతు షెడ్డులోని ఉల్లి బస్తాలు నాకప్పుడు గుర్తుకొచ్చాయి. ఇద్దరికీ ఆపద వచ్చింది. ఆమె కూలి తగ్గింది. ఆయన బ్రతుకుదెరువే పోయింది. పశుపోషణలో ఆయన ఆమెకు తక్కువవాడు కాదు. ఆయన ఒంటరి, అంతే.

కేస్లాను స్వర్గంగా చిత్రించబోవడం లేదు. ఆ కూలి కొద్దిపాటిది. ఆ కోళ్ళు నాటువి కావు, పరిశ్రమ పెంచిన సంకర జాతులు. లక్షల కోళ్ళ కంపెనీలు తక్కువ ధరకు అమ్మగల పట్టణాల బజారులోనే ఈ సంఘమూ పోటీపడాలి. పైగా ఖర్చులో సింహభాగం దాణాది. దాణా అంటే మొక్కజొన్న, సోయా. 2021 ఆగస్టులో సోయా ధర మండిపోగా, జన్యుమార్పిడి సోయా పిండిని 12 లక్షల టన్నుల మేర దిగుమతికి కేంద్రం అనుమతించింది. కోళ్ళ రైతులు హర్షించారు. మధ్యప్రదేశ్ సోయా రైతులు మండిపడ్డారు. ఆ పల్లెలలో రెండు గదుల ఇంట్లోనే ఇద్దరూ ఉంటారు: భర్త పొలంలో సోయా, భార్య షెడ్డులో కోళ్ళు. ఢిల్లీ ఒక సంతకంతో ఒకరికి మేలు, మరొకరికి కీడు చేసింది. వారిని కలిపి ఎవరూ అడగలేదు.

తెలుగువారికి ఈ కథలో కొత్త లేదు. గుడ్డు ధరను మహానగరాల దళారులు శాసించే రోజులలో, 1982లో బి.వి. రావు చొరవతో జాతీయ కోడిగుడ్ల సమన్వయ సంఘం ఏర్పడి, ధర చెప్పే హక్కును ఉత్పత్తిదారుల చేతికి తెచ్చింది. పెరటికి అనువైన వనరాజా, గ్రామప్రియా రకాలు మన రాజేంద్రనగర్ పరిశోధనాలయంలోనే పుట్టాయి. అయినా 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలను బర్డ్ ఫ్లూ తాకినప్పుడు, ధర చెప్పగల పెద్ద ఫారాలు తట్టుకున్నంతగా చిన్న ఫారాలు తట్టుకోగలిగాయా అన్నది మనం వేసుకోవలసిన ప్రశ్న.

ఎల్లల ఆవల కూడా ఇదే పాఠం. 2018 నవంబరులో పాకిస్తాన్ ప్రధాని ఇమ్రాన్ ఖాన్ గ్రామీణ స్త్రీలకు కోళ్ళిచ్చి పేదరికం తగ్గిస్తామంటే దేశమంతా పరిహసించింది. కోడిని చూసి నవ్వడం పొరపాటు. కోడిని ఇచ్చి చేతులు దులుపుకోవడం అంతకంటె పెద్ద పొరపాటు. బంగ్లాదేశ్‌లో పల్లె స్త్రీలకే టీకాలు వేయడం నేర్పి, అక్కడి నేలకు తట్టుకొనే ‘సోనాలి’ సంకర కోడిని వారి చేతికిచ్చారు. అది నేటికీ అక్కడి బజారులో నిలిచి ఉన్నది.

కోడిపిల్లలను పంచడం ఏ ప్రభుత్వానికైనా సులువు. ఫోటో కూడా బాగుంటుంది. చచ్చిన 38 కోళ్ళ లెక్కను పంచుకునే పుస్తకం ఒకటి పల్లెకు ఇవ్వడం కష్టం. పాతిక లక్షల రాయితీలో ఒక వాటాను చిన్న పెంపకందార్ల సంఘాల నష్టనిధికి మళ్ళించినా, పరిహార నియమంలో మార్కెట్ మూసివేతను ఒక ఆపదగా చేర్చినా మేలు మొదలవుతుంది. ఇవి గొప్ప సంస్కరణలేమీ కావు.

తిరుగు ప్రయాణంలో ఇటార్సీలో రైలు ఎక్కేసరికి రాత్రయింది. తెల్లవారుజామున ఢిల్లీ చేరువవుతుంటే, ఘాజీపూర్‌లో ఆనాటి ధర తేలే వేళ అయింది. ఆ ధర ఎంతైనా, సుఖ్‌తవా దగ్గర ఒక ఇల్లాలు అప్పటికే లేచి షెడ్డు కడుగుతూ ఉంటుందన్న ఊహ నాకు కొంత ధైర్యమిచ్చింది.