నావికుడు లేని నావ

1989వ సంవత్సరము నవంబరు మొదటి దినములలో థాయిలాండు సింధుశాఖయందు ఒక తుపాను ప్రబలినది. దానికి ‘గే’ అని పేరు. అది మలయా ద్వీపకల్పమును దాటి, బంగాళాఖాతమంతయు అడ్డముగా ప్రయాణము చేసి, నెల్లూరు జిల్లా కావలి సమీపమున తీరమును తాకినది. వేలకొలది యిండ్లు నేలకూలినవి.

ఆకాశమునుండి ఉపగ్రహము మేఘముల సుడిని చూపగలదు. ఆ సుడి క్రింద నీరెంత వెచ్చగా నున్నదో, గాలి యెంత వేగముతో వీచుచున్నదో నీటిమీద నుండి కొలుచుట మాత్రము కష్టము. ఏలయన, తుపాను వచ్చుచున్నదని తెలియగానే ఓడలు తొలగిపోవును; తొలగిపోవలయును గూడ.

తుపానునకు ఆహారము వేడినీరు. సముద్రపు నీరు సుమారు 26.5 డిగ్రీల సెంటీగ్రేడునకు మించి వెచ్చగా నున్నచోట అది బలియును. బంగాళాఖాతమున మఱియొక విశేషము కలదు. గంగ, బ్రహ్మపుత్ర, గోదావరి, కృష్ణ మొదలగు నదులు తెచ్చిన మంచినీరు తేలికయైనది గనుక ఉప్పునీటిపై పొరవలె నిలిచి, క్రింది చల్లని నీటిని పైకి రానీయదు. ఉపగ్రహమునకు కనబడునది నీటి పైపొరయే. తక్కిన సంగతి తెలియవలెనన్న అచ్చటనే పనిముట్లు ఉండవలెను.

ఇట్టి పనికై అమెరికాలోని సెయిల్‌డ్రోన్ అను సంస్థ నావికులు లేని నావలను నిర్మించినది. వానిలో చిన్నరకపు నావ పొడవు సుమారు 7 మీటర్లు. మన తీరమున పూర్వము తెప్పలకు గుడ్డ తెరచాపలు కట్టెడివారు. గాలి మారినప్పుడెల్ల చాపను సరిచేయుటకు మనిషి కావలసియుండెను. ఈ నావకు గుడ్డచాప లేదు. విమానపు రెక్కను నిలువున నాటినట్లు గట్టిరెక్క యుండును. దాని వెనుక చిన్నతోక కలదు. తోకను కొంచెము త్రిప్పిన చాలును, రెక్క గాలికి తగినట్లు తానే తిరుగును. కావున శక్తివ్యయము స్వల్పము. నావను నడుపునది గాలి. పనిముట్లకు విద్యుత్తు నిచ్చునది ఎండ. పోవలసిన దారిని తీరముననున్నవారు ఉపగ్రహము ద్వారా తెలుపుదురు. వేగము మాత్రము సాధారణముగా మనిషి నడకయంతయే!

2021 సెప్టెంబరు 30వ తేదీన ఇట్టి నావ యొకటి అట్లాంటిక్ మహాసముద్రమున ‘శామ్’ అను పెనుతుపానులో ప్రవేశించినది. గాలి గంటకు 190 కిలోమీటర్లకు పైగా వీచుచుండగా, 15 మీటర్ల యలలు ఎగసిపడుచుండగా, అది కొలతలతోపాటు చలనచిత్రమును గూడ పంపినది. ఇట్టి నావలను సముద్రముపై కాపలాకును వినియోగించుచున్నారు. అయితే 2022లో ఎఱ్ఱసముద్రమున ఇరాను యుద్ధనౌక యొకటి వానిలో రెండింటిని పట్టుకొని మరునాడు విడిచినది. తన్ను తాను కాపాడుకొనలేని కాపలాదారన్నమాట.

బంగాళాఖాతమున సముద్రమధ్యమునుండి కబురు పంపుటకు లంగరు వేసి నిలిపిన తేలెడి యంత్రములు గలవు. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ 1996లో ఈ కార్యక్రమమును ఆరంభించినది. వీనికిని ఎండయే ఆధారము. కొన్నింటి క్రింద వ్రేలాడు పనిముట్లు 500 మీటర్ల లోతువఱకు వేడిమిని, ఉప్పదనమును కొలుచును. ఆ సమాచారము హైదరాబాదులోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రమునకు చేరును. మత్స్యకారులకు అలల హెచ్చరికలు పంపునది ఆ కేంద్రమే.

వీనికొక చిక్కు కలదు. తేలెడి వస్తువు నీడలో చేపలు గుమిగూడును. చేపలున్నచోటికి పడవలు వచ్చును. యంత్రమునకు త్రాడు కట్టి వేటాడుటవలన పనిముట్లు విఱుగుట, తీగలు తెగుట పలుమారులు జరిగినది. జాలరిని తప్పుపట్టుట సులభమే. కాని రాత్రియంతయు వల వేసి ఖాళీ చేతులతో తిరుగువానికి ఆ పసుపుపచ్చని యంత్రము ఏమి చేయుచున్నదో ఎవరైన చెప్పవలెను గదా! అందులకే శాస్త్రజ్ఞులు తీరగ్రామములకు పోయి మత్స్యకారులతో సమావేశములు జరుపుచున్నారు. తెగిన యంత్రమును బాగుచేయుటకు మరల ఓడ పోవలెను. అంతవఱకు ఆ చోటినుండి కబురు రాదు. అక్టోబరు, నవంబరు నెలలలో నెల్లూరు తీరమునకు కావలసినది ఆ కబురే.