కట్టడం ఎక్కడ ఆగుతున్నది? — నిర్మాణ నిర్వహణపై పరిశోధనలు

బసంత్‌నగర్, రామగుండం, గోదావరిఖని ప్రాంతంలో పెరిగిన విద్యార్థికి నిర్మాణమన్నది పుస్తకంలో చదివి తెలుసుకొనవలసిన విషయం కాదు. 1969లో బసంత్‌నగర్ సిమెంటు కర్మాగారం ఉత్పత్తి ప్రారంభించినది. 1978 నవంబరు 14న రామగుండంలో ఎన్.టి.పి.సి. విద్యుత్ కేంద్రానికి శంకుస్థాపన జరిగి, 1983లో తొలి యూనిట్ విద్యుత్తునిచ్చినది. బొగ్గుతో ఎరువు తీసే కర్మాగారం 1980లో పని మొదలుపెట్టి 1999లో మూతపడినది. ఇన్ని కట్టడాల నడుమ జీవిస్తున్నప్పటికీ, ఒక కట్టడం అనుకున్న గడువుకు ఎందుకు పూర్తి కాదని ఎవరినైనా ప్రశ్నిస్తే, గుత్తేదారు మోసమనో, కూలీల బద్ధకమనో, లేకున్న మన ఖర్మమనో సమాధానం వస్తుంది. ఈ ప్రశ్నపై ఆరు దశాబ్దాలకు పైగా జరిగిన పరిశోధన చెప్పే సమాధానం వేరు. దానిని మన విద్యార్థులకు, కళాశాల కమిటీ పెద్దలకు వివరించుటయే మా ఉద్దేశం.

మొదట మన ఇంటిముందరి ఉదాహరణమునే చూతము. 2016 ఆగస్టు 7న, ఒకే రోజున, రామగుండానికి రెండు పనులకు శంకుస్థాపన జరిగినది. ఒకటి మూతపడిన ఎరువుల కర్మాగారం స్థానంలో గ్యాసుతో నడిచే కొత్తది. రెండవది 800 మెగావాట్ల యూనిట్లు రెండు గల తెలంగాణ విద్యుత్ కేంద్రం. ఎరువుల కర్మాగారం 2021 మార్చిలో వాణిజ్య ఉత్పత్తికి చేరినది. విద్యుత్ కేంద్రపు తొలి యూనిట్ 2023 సెప్టెంబరులోను, రెండవది 2024 మార్చిలోను ఆ దశకు చేరినవి. నడుమ వచ్చిన కోవిడ్ లాక్‌డౌన్ రెండింటికీ తగిలినదే. ఈ తారీఖులను చూచి ఒకరు సమర్థులు, ఒకరు అసమర్థులు అని తీర్పు చెప్పుట తగదు. రెండింటి పరిమాణం, స్వభావం వేరు. కాని నెలలు, సంవత్సరాలు ఎక్కడ ఖర్చయినవో లెక్క తీయుటకు ఒక శాస్త్రం ఉన్నదని మాత్రం గ్రహించవలెను.

ఆ శాస్త్రానికి నేటి రూపం 1950ల చివర ఏర్పడినది. 1957లో అమెరికాలోని డ్యూపాంట్ కంపెనీ కోసం మోర్గాన్ వాకర్, జేమ్స్ కెల్లీ అనువారు ‘క్రిటికల్ పాత్’ అనే పద్ధతిని రూపొందించిరి. పేరు పెద్దదైనా సంగతి సులభమే. ఒక గది స్లాబు వేసిన తరువాత కనీసం వారం రోజులు నీరు పట్టవలెను. దూలాల దూరాన్ని బట్టి కింది సెంట్రింగు ఊతలు ఏడు నుండి పదునాలుగు రోజుల దాక తీయరాదు. ఆ రోజులలో వడ్రంగి తలుపులు చేసుకొనవచ్చును. అతనికి మూడు రోజులు ఆలస్యమైనా కట్టడం ఆగదు. స్లాబు మూడు రోజులు ఆలస్యమైతే మాత్రం వెనుకనున్న ప్లాస్టరు, సున్నం, కరెంటు పని అన్నీ మూడు రోజులు జరిగిపోవును. ఆలస్యమైతే మొత్తాన్ని ఆలస్యం చేయగల పనుల గొలుసు ఏదో ముందే గుర్తించి, మేనేజరు దృష్టిని దానిపై నిలుపుటయే ఈ పద్ధతి.

అయితే ఈ పటములు గీసిన తరువాత కూడ కట్టడాలు ఆలస్యమగుచునే ఉండెను. ఎందువలననని వెదకినవారిలో ముఖ్యుడు ఫిన్లాండు దేశస్థుడైన లౌరి కోస్కెలా. 1992లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఉండి వ్రాసిన నివేదికలో ఆయన చెప్పిన మాట మన సిమెంటు కర్మాగారాన్ని చూచినవారికి వెంటనే బోధపడగలదు. సున్నపురాయి గని నుండి వచ్చి, నలిగి, పొడియై, సుమారు 1450 డిగ్రీల వేడిగల బట్టీలో క్లింకరుగా మారి, జిప్సంతో కలిసి మరల పొడియై బస్తాలోనికి చేరును. ఈ ప్రవాహంలో ఎక్కడ అడ్డు వచ్చినా బట్టీ చల్లబడును. ప్రతి విభాగానికీ తెలియును. ఆ గంటల నష్టం ఆనాడే లెక్కకెక్కును. కట్టడం పనిలోనో? ఇసుక రాక నలుగురు మేస్త్రీలు మధ్యాహ్నం దాక చెట్టునీడన కూర్చున్నచో అది ఏ లెక్కలోనూ చేరదు. కరెంటు పైపులు వేయక ముందే స్లాబు పోసి, తరువాత ఉలితో చెక్కినచో ఆ ఖర్చు ‘చిల్లర’ కింద పోవును. ఎస్టిమేటులో పని ఉన్నది గాని, పనికీ పనికీ నడుమ జరిగే నిరీక్షణ లేదు. కోస్కెలా వేలెత్తి చూపినది ఈ ఖాళీనే. కూలీ చేతులు నెమ్మదిగా కదలుట కంటె, ఆ చేతులకు పని అందక ఆగుటయే పెద్ద నష్టమని మేము ఈ పరిశోధనలన్నిటి నుండి గ్రహించిన ప్రధాన విషయం.

దీనిని కొలిచి చూపినవారు గ్లెన్ బల్లార్డ్, గ్రెగ్ హోవెల్ అనే ఇద్దరు అమెరికనులు. ఈ వారం ఈ పనులు పూర్తి చేతుమని సైటులో ఒప్పుకొన్నవాటిలో వారాంతానికి నిజముగా పూర్తియైనవెన్నియో వారు లెక్కించిరి. సగానికి కొంచెం ఎక్కువ మాత్రమే! ఇది పేదదేశపు అస్తవ్యస్త సైటుల సంగతి కాదు. యంత్రములు, ఇంజనీర్లు పుష్కలంగా ఉన్నచోటి లెక్క. వారు సూచించిన మార్గం చిత్రమైనది. ప్రణాళికను కార్యాలయంలో వ్రాసి కిందికి పంపుట చాలదు. రేపు ఎవరు ఏ గోడ దగ్గర నిలబడవలెనో చివరగా నిర్ణయించే వ్యక్తిని, అనగా మన భాషలో మేస్త్రీని, కూర్చుండబెట్టి అడుగవలెను. ఇటుక వచ్చినదా? డ్రాయింగు చేతిలో ఉన్నదా? ముందరి పని అయినదా? ఈ మూడింటిలో ఒకటి ‘లేదు’ అయినచో ఆ పనిని ఈ వారపు పట్టీలో చేర్చనే కూడదు. ‘కాదు సార్’ అని చెప్పే హక్కు మేస్త్రీకి ఉండవలెను. మన దేశంలో యజమాని ఎదుట ‘అట్లే సార్’ అనుట మర్యాద. అదే ఈ పద్ధతికి మొదటి అడ్డంకియని మాకు తోచుచున్నది.

మన దేశపు సైటులపై కూడ పరిశోధన లేకపోలేదు. హేమంత డొలాయ్, అనిల్ సాహ్నీ, కె.సి. అయ్యర్, సమీర్ రెంటాల 2012లో ప్రకటించిన అధ్యయనం భారతీయ నిర్మాణాల ఆలస్యానికి కారణాలను రంగంలోని నిపుణుల నుండి సేకరించి విశ్లేషించినది. తేలిన కారణాలలో ముందు నిలిచినవి నిబద్ధతా లోపం, సైటు నిర్వహణలో అసమర్థత, పనివారి నడుమ పొందిక లేకపోవుట. డబ్బు కొరత, యంత్రాల కొరత అగ్రస్థానంలో లేవన్నది గమనింపదగినది. అయితే ఇవి నిపుణుల అభిప్రాయాలు. రెండు నెలలుగా కూలి బాకీపడిన పాలమూరు కూలీని అడిగినచో జాబితా మరొక విధముగా ఉండెడిదేమో!

ఇక ఎస్టిమేటుల సంగతి. బెంట్ ఫ్లూబియర్గ్ అనే డెన్మార్కు పరిశోధకుడు, ఆయన సహచరులు 2002లో 20 దేశాలకు చెందిన 258 రోడ్లు, రైలు మార్గాలు, వంతెనల లెక్కలను పరిశీలించిరి. పదింటిలో దాదాపు తొమ్మిదింటి ఖర్చు అంచనాను మించినది. రైలు పనులలో సగటు మించుదల సుమారు 45 శాతం. మనిషి తన పనిని తలచుకొన్నప్పుడు అన్నియు సాఫీగా సాగునని ఊహించుకొనుట సహజమని డేనియల్ కానెమన్, ఏమోస్ ట్వెర్‌స్కీ 1979లోనే వివరించిరి. దీనికి విరుగుడు మన పల్లెలలో తెలియనిది కాదు: ఇల్లు కట్టబోయేవాడు ఇంజనీరు కంటె ముందు, నిరుడు ఇల్లు కట్టినవానిని అడుగును. ఏదేని సంస్థ గదులు కట్టదలచినచో, ఇటీవల పూర్తియైన నాలుగైదు పాఠశాల భవనాలకు మొదట అనుకొన్నదెంత, చివరకు అయినదెంత, పట్టిన కాలమెంత అని విచారించి, తన అంచనాను దానికి తగినట్లు సవరించుకొనవలెను.

ఇదంతయు పెద్ద ప్రాజెక్టులకే గాని చందాలతో రెండు గదులు కట్టే మైనారిటీ కళాశాలకు ఎందుకని కొందరు అనవచ్చును. అవసరం మనకే ఎక్కువయని మా అభిప్రాయం. పెద్ద సంస్థ ఆలస్యాన్ని అప్పు తెచ్చి భరించగలదు. చందాతో సాగే పని సగంలో ఆగినచో మరల చందా పుట్టుట కష్టం. ఇంటర్మీడియెట్ మొదటి సంవత్సరంలో చేరిన బాలిక రెండేండ్లకు వెళ్ళిపోవును. ఆమె కొరకని మొదలుపెట్టిన గది మూడేండ్లు పట్టినచో ఆమె అందులో ఒక్కనాడైనా కూర్చుండదు. ఆలస్యం తరువాత వచ్చే తొందర మరింత ప్రమాదకరం. ప్రారంభోత్సవ తారీఖు ముంచుకొని వచ్చినప్పుడు రాత్రిపూట స్లాబు పోయుట, నీరు పట్టు రోజులను తగ్గించుట, ఊతలను ముందే లాగివేయుట జరుగును. ఆ స్లాబు కింద కూర్చుండవలసినవారు మన పిల్లలే.

సిమెంటు కర్మాగారం మన ఊరిలోనే ఉన్నదను ధీమాతో కూడ నష్టపోవువారు కలరు. ధర తగ్గినదని బస్తాలన్నీ ఒక్కసారే కొని గోడవారగా పేర్చిపెట్టుదురు. మూడు నెలలు నిలువయున్న సిమెంటు బలంలో దాదాపు ఐదవ వంతు తగ్గునని, వానకాలపు తేమలో ఇంకను ఎక్కువగా తగ్గునని పరీక్షలు చెప్పుచున్నవి. వారానికి కావలసినది ఆ వారమే తెప్పించుకొనుట దూరపు ఊరివానికి కష్టము గాని మనకు కాదు.

ఈ పద్ధతిని ప్రారంభించుటకు కంప్యూటరు గాని కన్సల్టెంటు గాని అక్కరలేదు. ఒక చారల నోటు పుస్తకం చాలును. సోమవారం మేస్త్రీ ఒప్పుకొన్న పని, శనివారానికి అయినదా లేదా, కాకున్న కారణం — ఇవి మూడు గళ్ళు. కారణపు గడిలో మనిషి పేరు వ్రాయరాదు, వస్తువు పేరో పని పేరో వ్రాయవలెను. పేరు వ్రాయుట మొదలైన నాడే నిజం చెప్పుట ఆగిపోవును. దీనిని మన కామర్స్ విద్యార్థులు ఇద్దరు నిర్వహించగలరు. నెల తిరిగిన తరువాత ఒప్పుకొన్న నలుబది పనులలో ఇరువది రెండు మాత్రమే అయినవని, కానివాటిలో పదకొండు ఇసుక రాకపోవుట వలననని తేలినదనుకొందము. అప్పుడు కమిటీవారు శనివారం సాయంత్రం ముందుగా పిలిపించవలసినది మేస్త్రీని కాదు, ఇసుక ట్రాక్టరు యజమానిని.