తొడిమ మీదుగా దగ్గరి దారి

బెంగుళూరు నుంచి అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోకు విమానంలో ఎంత దూరం? సుమారు 14,000 కిలోమీటర్లు. అదీ దగ్గరి దారిన వెళితేనే.

దగ్గరి దారి ఏదో చూద్దాం. ఒక బత్తాయి పండు తీసుకోండి. భూమి కూడా అలాగే గుండ్రంగా ఉంటుంది. తొడిమ ఉన్నచోటు ఉత్తర ధ్రువం అనుకోండి. పండు నడుముకు కాస్త పైన కుంకుమ బొట్టు పెట్టండి. అది బెంగుళూరు. వెనకవైపు, ఇంకొంచెం పైన మరో బొట్టు పెట్టండి. అది శాన్‌ఫ్రాన్సిస్కో. ఇప్పుడు దారంతో కొలవండి. పక్కనుంచి చుట్టి తెస్తే దారం ఎక్కువ పడుతుంది. తొడిమ మీదుగా లాగితే తక్కువే సరిపోతుంది.

కానీ ఆ దారి తేలికైంది కాదు. ధ్రువం దగ్గర కిందంతా గడ్డకట్టిన సముద్రమే. విమానానికి ఏమైనా అయితే దిగడానికి దగ్గర్లో ఊరుండదు. చలికి ఇంధనం గడ్డకట్టవచ్చు. దిక్కు చూపే ముల్లు కూడా అక్కడ సరిగ్గా చూపదు.

2021 జనవరి 9, శనివారం రాత్రి. ఎయిర్ ఇండియా విమానం శాన్‌ఫ్రాన్సిస్కోలో లేచింది. ఈ రెండు ఊళ్ల మధ్య ఆ సంస్థ ఆగకుండా నడిపిన మొదటి విమానం అది. ధ్రువం మీదుగానే వచ్చింది. నడిపిన నలుగురూ ఆడవాళ్లే! జోయా అగర్వాల్, తన్మయి పాపగారి, ఆకాంక్ష సోనావరే, శివానీ మన్హాస్. సుమారు 17 గంటలు ఎగిరి, సోమవారం ఇంకా తెల్లవారకముందే బెంగుళూరులో దించారు.

17 గంటలే కదా, మరి ఆదివారం ఏమైంది? అక్కడ శనివారం రాత్రి ఎనిమిదిన్నర అయితే ఇక్కడ అప్పటికే ఆదివారం ఉదయం 10 గంటలు. చలికాలంలో అక్కడి గడియారం మనకన్నా పదమూడున్నర గంటలు వెనక ఉంటుంది.