తేలే కరెంటుకి తాడే ప్రాణం!

మాదన్నపేట మండీలో ఎండకి టార్పాలిన్ కట్టేవాళ్లకి ఓ లెక్క బాగా తెలుసు. తాడు వదులైతే టార్పాలిన్ గాలికి కొట్టుకుంటుంది. మరీ బిగిస్తే మూల చిరిగిపోతుంది. అందుకే కాస్త పట్టూ ఉండాలి, కాస్త విడుపూ ఉండాలి.

ఇదే లెక్క 500 ఎకరాల నీళ్ల మీద వేయాలంటే?

రామగుండం ఎన్టీపీసీ రిజర్వాయర్‌లో వేసి చూపించారు. అక్కడ 100 మెగావాట్ల సోలార్ ప్లాంట్ నీళ్ల మీదే తేలుతోంది. 2022 జులై 1 నుంచి పూర్తిస్థాయిలో పనిచేస్తోంది. మొత్తం 40 బ్లాకులు. ఒక్కో దాంట్లో 11,200 ప్యానెళ్లు. ఇన్వర్టర్, ట్రాన్స్‌ఫార్మర్ కూడా నీళ్ల మీదే! మరి ఇదంతా గాలికి కొట్టుకుపోదా? పోదు. రిజర్వాయర్ అడుగున బరువైన దిమ్మెలు వేసి, వాటికి గట్టి సింథటిక్ తాళ్లతో కట్టేశారు. నీటిమట్టం పెరిగినా తగ్గినా ప్యానెళ్లు దాంతోపాటే లేచి దిగాలి కానీ పక్కకి పోకూడదు.

కట్టు తప్పితే ఏమవుతుందో జపాన్ చూసింది. 2019 సెప్టెంబర్‌లో ఫక్సై తుఫాను వచ్చినప్పుడు చిబా ప్రాంతంలోని యమకురా డ్యామ్‌లో లంగర్లు ఊడిపోయాయి. ప్యానెళ్లు మడతలుపడి ఒకదాని మీదొకటి పోగుపడ్డాయి. చివరికి నీళ్ల మధ్యలోనే మంటలు లేచాయి!

రిజర్వాయర్‌లోనే ఇలా ఉంటే, ఇక సముద్రం సంగతి? అక్కడ గాలికి అలలు, ప్రవాహాలు కూడా తోడవుతాయి. స్కాట్లాండ్ తీరంలో 2017 నుంచి 'హైవిండ్' పేరుతో అయిదు భారీ గాలిమరలు సముద్రంలో తేలుతూ కరెంటు ఇస్తున్నాయి. వాటికి వాడింది సక్షన్ లంగర్లు. చిన్నప్పుడు గ్లాసు నోటికి ఆనించి గాలి పీలిస్తే మూతికి అతుక్కుపోయేది, గుర్తుందా? ఇదీ దాదాపు అంతే. బోర్లించిన ఉక్కు డబ్బాని సముద్రం అడుగున దించి, లోపలి నీళ్లు తోడేస్తారు. బయటి నీటి ఒత్తిడే దాన్ని మట్టిలోకి దిగేస్తుంది. ఒక్కో మరకి ఇలాంటి లంగర్లు మూడు.

రేపు మన బంగాళాఖాతంలోనూ ఇలాంటి మరలు తేలాలంటే, 2014లో విశాఖని కుదిపేసిన హుద్‌హుద్ లాంటి తుఫాన్లనీ తట్టుకోవాలి. రెక్కలెంత పెద్దవైనా, అడుగున పట్టు లేకపోతే కరెంటు రాదు.

ఈసారి మాదన్నపేటలో గాలిదుమారం లేస్తే, టార్పాలిన్‌ని కాదు... దాన్ని పట్టుకున్న తాడుని చూడండి!